వంక కొలతలు

టేపు ఒక కొస నా చేతిలో,
వంకకు అవతల ఖాజాబీ గడపకాడ రెండో కొస.
"ఎంతొచ్చె నాయనా?"
పదకొండు మీటర్లు.
ప్లానులో ముప్పై.

తక్కిన పంతొమ్మిదిలో
మూడు వంటిళ్లు, ఒక కుట్టుమిషను,
కార్పొరేటరు బావమరిది కల్యాణమండపం ప్రహరీ.

ఎర్రరంగుతో నంబర్లేసుకుంటా వచ్చినా.
ప్రహరీకాడికి వచ్చేతలికి
"రంగు అయిపోయిందిలే" అన్నాడు ఏఈ.
డబ్బా ఊపి చూసినా,
గలగలమనింది.

అనంతపురానికి వరదకాలవ యేంటికని
రెండుమార్లు ఫైలు వెనక్కొచ్చింది.
వానమాపకం లెక్కలు జతచేసి
మూడోమారు అంచనా సగానికి కోసి పంపినాం.
సగం గోడ, సగం లోతు.
నీళ్లు గూడా సగమే రావల్లని
ఏ కాలమ్‌లో రాయల్లనో
ఎవురూ చెప్పలేదు.

ఖాజాబీ గోడమీద, నా భుజమెత్తున,
మొన్నటి వంక గీసిపోయిన బురదగీత.
సున్నం కొట్టనీదు ఆయమ్మ.
"నంబరు దానికిందనే వెయ్యి నాయనా,
ఈసారి
మీ రంగే ముందు మునగల్ల."

వంగి వేసినా:
నలభైఏడు.

డబ్బాలో
ఇంకా రంగుండాది.