ఈ సింకు ఎక్కడికెళ్తాది?

సీసా మీద చీటీ చదవకముందే చెప్పేస్తాను
ఇవి ఏ గెడ్డ నీళ్లో.
మూత తీస్తే చాలు,
నానిన వడ్ల పులుపు, మురిగిన గంజి.
మా ఊరి ఉప్పుడు బియ్యం మిల్లు
గది మధ్యకొచ్చి ఒళ్లు విరుచుకుంటుంది.

పద్నాలుగేళ్లుగా ఎచ్చెర్లలో లేబ్ అటెండర్ని.
నాకు ముందు ఇద్దరు దక్కలేదని
మా యమ్మ నన్ను పురిట్లోనే పొరుగామె చేతిలో పెట్టి
చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుందట.
అలా తవిటయ్యనయ్యాను.
మిల్లు నీటి మీద తెట్టు కట్టిన తవుణ్ణి చూస్తే
ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచినట్టుంటుంది.

బెండి ఇందుమతి ఎమ్మెస్సీ రెండో ఏడు.
వాళ్ల నాన్న ఆ మిల్లులోనే
బాయిలర్ నోట్లోకి ఊక ఎగదోస్తాడు.
సోమవారం సోమవారం
ఐస్‌క్రీం డబ్బాలో మంచుముక్కల మధ్య సీసాలు పేర్చి
షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెస్తుంది,
పసిగుడ్డుని ఆసుపత్రికి తెచ్చినట్టు.
వాటిని చీకటి పెట్టెలో మూడు రోజులు ఉంచుతాం.
నీటిలోని సూక్ష్మజీవులు ఎంత ఊపిరి తాగేశాయో
నాలుగో రోజు లెక్క కడతాం.
చేపకి ఏమీ మిగలదని తేలుతుంది, ప్రతిసారీ.

మిల్లు వెనక శుద్ధి తొట్టెలు నాలుగున్నాయి.
తనిఖీ జీపు దుమ్ము కనపడితేనే
మోటారు గుర్రుమంటుంది.
ఒక తొట్టెలో వాచ్‌మన్ తోటకూర వేశాడు.
బాగానే కాసిందట.

ఇందుమతి ఊక బూడిద తెప్పించింది, నాన్న చేతే.
గొట్టంలో దట్టించి పైనుంచి ఆ నీళ్లే పోసింది.
మొదటి వారం బూడిదే కారింది.
రెండో వారం పలచటి టీ.
"మిల్లు మురికికి మిల్లు బూడిదే మందు" అంటే
గైడు గారు నవ్వి
"ముందు అంకెలు చూపించమ్మా" అన్నారు.

అంకెల కోసం ఇంకో పరీక్ష ఉంది.
నారింజ రంగు మందు, గాఢమైన ఆమ్లం,
చిటికెడు పాదరసపు ఉప్పు
రెండు గంటలు మరిగిస్తే నారింజ పచ్చగా తిరుగుతుంది.
చుక్క చుక్కగా కొలిచి, అంకె పుస్తకంలోకి.
మిగిలింది నా చేతికి.
నేను సింకులోకి.
కుళాయి తిప్పి రెండు మగ్గులు నీళ్లు,
మర్యాదగా.

ఓ సాయంత్రం పుస్తకం మూయబోతూ అడిగింది:
"తవిటయ్య గారూ, ఈ సింకు ఎక్కడికెళ్తాది?"

పద్నాలుగేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.
పరీక్ష పేపర్లోనూ రాలేదు.

ఫోన్ లైటు పట్టుకుని వెళ్లాం.
గోడ దాటిన గొట్టం సైకిల్ స్టాండు కింద దూరి
హాస్టల్ మెస్సు గంజిని కలుపుకుని
కాలువై, పొలం గట్టు పక్కనే నడిచి
హైవే కల్వర్టు కింద చప్పుడు లేకుండా
గెడ్డలోకి దిగుతోంది.
అవతల గట్టున ఎవరిదో ఆవు
మూతి ఆనించి ఉంది.

వంగి వాసన చూశాను.
గంజి వాసనొక్కటే తగిలింది.
నేను పోసినదాన్ని నా ముక్కు పట్టలేకపోయింది.
మిల్లు తప్పుకి కనీసం కంపుంది.
నా తప్పు నీళ్లలాగే ఉంది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.
"ఏటైనాదిరా?" అంది మా యమ్మ.
ఏటని చెప్పను?

మర్నాడు సింకు కన్నానికి రబ్బరు బిరడా కొట్టాను.
ఇందుమతి ఇరవై లీటర్ల డబ్బా తెచ్చి
దాని పొట్ట మీద మార్కర్‌తో "వంచొద్దు" అని రాసింది.
మిల్లు గురించి అరవై రెండు పేజీల థీసిస్,
చివర మా సింకుకి ఓ పట్టిక.
గైడు గారు కొట్టేశారు.
మళ్లీ పెట్టింది.
మళ్లీ కొట్టలేదు, సంతకమూ పెట్టలేదు.

మిల్లు యజమాని ఒక్క తొట్టెలో
బూడిద వేసి చూస్తానన్నాడట,
తోటకూర కోత అయ్యాక.

డబ్బా ముప్పాతిక నిండింది.
దాన్ని తీసుకెళ్లే బండికి విశాఖ రాశారు,
బిల్లు పాస్ కాలేదంటున్నారు.
రోజూ పొద్దున్నే
దాని చుట్టూ జాగ్రత్తగా ఊడుస్తున్నాను.