రెండున్నర గడి

ఆ కాగితంలో అరగంటకో గడి.
బిడ్డ గుండెచప్పుడు లెక్కపెట్టి
ప్రతి గడిలో ఒక చుక్క పెట్టాలి.
రెండింటికి నూట నలభై. విన్నాను, పెట్టాను.
మూడింటికి ఎనభై. విన్నాను, చెయ్యి వణికింది.
మధ్యలో రెండున్నర గడిలో ఉన్న నూట ముప్పై ఆరు
నేను వినలేదు.
తెల్లారాక పెట్టిన చుక్క అది.

టెక్కలి ఆసుపత్రిలో ఆ రాత్రి
ముగ్గురు నొప్పుల మీద ఉన్నారు, నేనొక్కర్తిని.
పక్క బల్ల మీద పూండి అమ్మాయికి రక్తం ఆగడం లేదు.
సాకు అని మీరనొచ్చు.
నేనూ రోజుకో రకంగా అంటుంటాను.
కర్టెను అవతల్నించి మూడుసార్లు వినబడింది
"బేగి రా సిస్టరమ్మా, బేగి."
మా వైపు ఆ మాటని అన్నిటికీ వాడతాం,
బస్సుకీ, అన్నానికీ.
నేనూ అలాగే విన్నాను.

మూడుంపావుకి ఆపరేషన్.
ఆడగుంట.
గదిలో ఏసీ చప్పుడొక్కటే.

పొద్దున్నకి వరండాలో మాటలు సిద్ధంగా ఉన్నాయి.
ఉమ్మనీరు తాగేసింది.
పేగు మెడకి చుట్టుకుంది.
మీకు రాసిపెట్టి లేదమ్మా.
ఏళ్ళ తరబడి వాడి వాడి
డెట్టాలు గుడ్డలా మెత్తబడ్డ మాటలు.
ఎవరి చేతిలో పెట్టినా మొహం తుడుచుకుని వెళ్ళిపోతారు.
"కేసు షీటు సరిగ్గానే ఉంది కదా" అన్నారు పెద్ద డాక్టరు.
ఉంది సార్, అదే తప్పు, అన్నాను.
ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.
తర్వాత నా వెనకే వచ్చారు.

భావనపాడు తవిటమ్మ బెంచీ మీద లేదు,
బెంచీ పక్కన నేల మీద ఉంది.
ఒళ్ళో ఉతికిన పాత చీర ముక్కలు,
బొడ్డూడని బిడ్డకి మెత్తగా ఉంటాయని తెచ్చినవి.
నేనూ నేల మీదే కూర్చున్నాను. చుక్క చూపించాను.
"ఇది వినకుండా పెట్టాను.
వినుంటే అప్పుడే డాక్టరుగారిని లేపేదాన్ని.
బతికేదని చెప్పలేను. బతికేది కాదనీ చెప్పలేను.
మీ ఎర్రమ్మ చేసిన తప్పేం లేదు."

ఆవిడ కాగితం వంక చూడలేదు.
"నా పేరు తవిటమ్మ ఎందుకో తెల్సా?
నా ముందు నలుగురు పోనారు.
నన్ను సేటడు తవుడికి అమ్మీసి
మళ్ళీ కొనుక్కున్నాది మాయమ్మ.
తన పాలే ఇసమనుకుంటా సచ్చిపోనాది.
ఏటైనాదో దానికి ఎవులూ సెప్పనేదు."

అప్పుడు తిట్టింది.
నన్నూ, నన్ను కన్నదాన్నీ, నా తెల్లచీరనీ.
డాక్టరుగారు ఆపబోతే
ఆయనకీ ఓ వాటా ఇచ్చింది.
అలసిపోయాక అంది,
"కోడలు లెగుస్తాది. నాను సెప్పను. నువ్వే సెప్పాల."

చెప్పాను. మత్తులో అందలేదని మళ్ళీ చెప్పాను.
ఎర్రమ్మ ఒక్కటే అడిగింది.
"నాను పిలిసినాను గదా?"
"పిలిచావు. మూడుసార్లు."
"అదే. కలగన్నాననుకున్నాను" అని
గోడవైపు తిరిగిపోయింది.

వెరావల్ బోటు మీదున్న కామేశుకి ఫోను.
ఇంజను హోరు. "ఆఁ? ఏటీ? ఆఁ?" అంటాడు.
అరవాల్సి వచ్చింది,
నేను చూడలేదు, నేను చూడలేదు అని,
వార్డంతా వినేలా.

ఆ చుక్క చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి
సంతకం పెట్టాను, తారీఖుతో.
వెళ్ళేముందు తవిటమ్మ దాని నకలు అడిగింది.
ఇవ్వకూడదన్నాడు గుమస్తా. ఇమ్మన్నారు పెద్ద డాక్టరు.
గేటు ఎదుట జిరాక్సు కొట్టు, కరెంటు లేదు.
మెట్టు మీద కూర్చున్నాం, ఆవిడా నేనూ,
మధ్యలో ఓ మనిషి పట్టేంత జాగా వదిలి.
మేఘవరం బస్సొకటి వెళ్ళిపోయింది.
కరెంటు వచ్చింది.

మిషన్లోంచి వెచ్చగా వచ్చిన కాగితాన్ని
రెండు చేతుల్తో పట్టుకుందావిడ.
చల్లారేదాకా అలాగే పట్టుకుని,
మడిచి రొంటిన దోపుకుంది.