నేల కరిగేదాకా

జనవరి చివర్లో పోయింది ఆర్డిస్.
గడ్డపార వేస్తే నేల ఖంగుమంది,
రవ్వ లేచింది, పెళ్ల లేవలేదు.
ఉత్తర డకోటాలో, మా హాల్విక్‌లో అంతే,
చలికాలం పోయినవాళ్లు వసంతం దాకా ఆగాలి.
శ్మశానం పక్కనున్న రాతిగదిలో పెట్టి తాళం వేశాను.
ఆ తాళంచెవీ చర్చి బొయిలరు తాళంచెవీ
నా కోటు జేబులో ఒకదాన్నొకటి రాసుకున్నాయి.
తొంభైనాలుగేళ్లు ఎవర్నీ కాచుకోబెట్టని మనిషి
మూడున్నర నెలలు మమ్మల్ని కాచుకోబెట్టింది.

నేను బొయిలరు చూసేవాణ్ని,
గంట కొట్టేవాణ్ని, గోతులు తీసేవాణ్ని.
ఆదివారం పొద్దున నేనింకా బొగ్గు మసి కడుక్కుంటుండగానే
మెట్లమీద బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు.
గంటకు ముందు గంట అది.

ఎడమవైపు మూడో బెంచీ.
పక్కన నల్ల చేతిసంచి,
ఆ సంచి కింద ఒక మనిషి పట్టేంత చోటు.
తెలియనివాళ్లు కూర్చోబోతే
"లొవెల్ వస్తాడేమో" అనేది, మెల్లగా, సంచి కదపకుండానే.
ముప్ఫై ఒక్క ఏళ్లు అదే మాట.
లొవెల్‌కి పడనిది దేవుడితో కాదు, తండ్రితో.
ఆ పాల్మర్ పోయి పదేళ్లయినా రాలేదు.
మానేసింది ఎందుకో మర్చిపోయాక
మళ్లీ మొదలుపెట్టడం మరీ కష్టం.

భక్తురాలే, కాదనను.
కానీ ప్రసంగం ఇరవై నిమిషాలు దాటితే
చేతి గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకునేది,
నడుస్తోందా లేదా అని,
పాస్టరుగారికి కనపడేలా.
ఇంట్లో ఓవెన్‌లో బంగాళాదుంపలున్నాయి మరి.
కీర్తన అర మెట్టు కిందికి పాడేది.
మిస్ ట్వేట్ చాలా ఏళ్లు పోరాడి
చివరికి ఆర్గానునే కిందికి దించుకుంది.

దుమ్ము ఏళ్లలో కిటికీలకు తడి దుప్పట్లు కట్టి
వాటి వెనక ఎక్కాలు నేర్చుకున్న పిల్ల.
నలుగుర్ని కని ముగ్గుర్ని పెంచింది.
ఆరు నెలల పాప గొయ్యి తీసింది మా నాన్న.
జూన్ నేల, చిన్న గొయ్యి,
మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాడట.
ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారే ఎత్తింది,
కొవ్వొత్తులు లెక్కపెడుతూ:
"మీ నాన్న అంచులు చక్కగా చెక్కాడు."
మళ్లీ లెక్కలో పడిపోయింది.

ఊళ్లో ఎవరు పోయినా ఆ రోజు తిండి ఆమెదే.
హామ్ పెట్టిన బన్నులు, దుంపల కేసరోల్.
గాజుగిన్నె అడుగున తెల్ల టేపు, మీద ఆమె పేరు.
ఏ ఇంటికి పోయినా పెంపుడు పిల్లిలా
తిరిగి ఆమె గుమ్మంలోకి వచ్చి పడే గిన్నె.
ఆమె పోయిన రోజున మాత్రం
బన్నుల్లో ఆవపిండి ఎంత వేయాలో
నలుగురు ఆడవాళ్లు వాదించుకున్నారు.
ఎవరూ గెలవలేదు.
తుఫానుకు దారి మూసేశారు. లొవెల్ ఆ రోజూ రాలేదు.

మే రెండో వారంలో పార దిగింది.
పాప పక్కనే తీశాను.
అంచులు ఒకసారి చెక్కి,
దూరంగా వెళ్లి చూసి,
వచ్చి మళ్లీ చెక్కాను.
నా ఒళ్లు డెబ్బై దాటింది, నాన్నంత నున్నగా రాలేదు.

పాత పికప్ ఒకటి కంచె దగ్గర ఆగింది.
ప్రార్థన అయ్యేదాకా లొవెల్ టోపీ చేత్తో పట్టుకుని
గడ్డిలోనే నిలబడ్డాడు.
చర్చిలోకి రాలేదు.
పక్క తలుపునుంచి నేలమాళిగ వంటగదిలోకి దిగి
చొక్కా చేతులు మడిచి
కాఫీ కప్పులు కడగడం మొదలుపెట్టాడు.
"ఇవి ఏ అరలో?"
నాలుగు చేతులు ఒకేసారి చూపించాయి.

గిన్నె తిరగేసినప్పుడు టేపు కనబడింది.
పొడిగా ఉన్నదాన్నే ఇంకోసారి తుడిచాడు.
ఎవర్నీ అడగలేదు, మేమూ ఏమనలేదు.
కిటికీలోంచి చూశాను:
పికప్‌లో పక్క సీటుమీద గిన్నె పెట్టి
దాని చుట్టూ బెల్టు లాగి కట్టాడు.