పన్నెండో బండి

రాసుకోండి కరణంబాబూ,
బళ్ళు పందొమ్మిది.
కళింగపట్నం రేవులో దిగిన బియ్యం, ఉప్పుసేప,
రెండు బళ్ళ మందుగుండు,
ఒక బండి నిండా దొరల సారా సీసాలు.
ఆటినే జాగర్తగా సర్దినారు, ఎండుగడ్డిలో,
పురిటి బిడ్డల్లాగ.
నాది పన్నెండోది.
ఎడంపక్కన మైలగిత్త, కుడిపక్కన పుల్లది.

వంశధార దాటినప్పుడు మోకాల్లోతు నీరు.
కొత్తూరు కాడ సిపాయిలు మమ్మల్ని అంబలి అడిగినారు.
బియ్యం బళ్ళ ఎనకాల
ఆకలితో నడిసినారు బాబూ, ఆ గుంటలు.
ఇది రాయకూడదా? సరే, కొట్టీయండి.

కనుమ మొగలోకి ఎల్లేసరికి
ముందు బండి గవరయ్య పాట ఆపీసినాడు.
పిట్ట అరవలేదు.
జీలుగుసెట్టుకి కట్టిన కుండ మటుకు ఊగతంది,
ఎవుడో ఇప్పుడే దిగినట్టు.

అప్పుడే నా సక్రం ఊడిపోనాది.

దారి ఒక్క బండి ఎడల్పు.
ముందు పదకొండూ ముందే, ఎనక ఏడూ ఎనకే,
మద్దిని నా బండి
మోకాలు ఇరిగిన ముసిల్దాన్లాగ కూకుండిపోనాది.

బాణాల సప్పుడు ఎప్పుడేనా ఇన్నారా?
సేటతో పొల్లు సెరిగినట్టుంటాది.
తుపాకులు శానాసేపు కొండని కొట్టినాయి.
కొండకేటి తగుల్తాది?
నాను ఇరుసు కింద దూరి
మైలదాని డొక్క లెగడం, పడడం సూస్తన్నాను.
తరవాత లెగలేదు.

ఎంతసేపంటే, కుండెడు గంజి కాగినంతసేపు.
సచ్చినోళ్ళు సిపాయిలు ఆరుగురు, గవరయ్య.
కొండోళ్ళెందరో తెలీదు.
ఆలు తమవోళ్ళనే ముందు మోసుకుపోనారు,
బస్తాల కోసం మళ్ళీ దిగినారు.

నట్టం లెక్క మీరే సదివి ఇనిపించినారు కదా.
సారా సీసాలు పైన ఉన్నాయి, నా గిత్త అడుగున ఉన్నాది,
గవరయ్య ఎక్కడా లేడు.
ఇంకోపాలి సూడండి బాబూ,
ఏ గీత సందునేనా ఉన్నాడేమో.

బిడ్డిక సుక్కా? ఆడెవుడో నాకు తెలీదు.
నిరుడు కరువులో ఎవుడో కొండ దిగొచ్చి
మా పిల్లలికి జీలుగుజావ పోసి ఎల్లిపోనాడు.
పేరు అడగలేదు.

సక్రం ఎందుకూడిందంటే ఏటి సెప్పను?
పాతబండి. రాతిదారి.
సీల అరిగిపోయుంటాది.
ఎతికినాను, దొరకలేదు.

నిశానీ ఇక్కడేనా? ములుకర్ర గీస్తాను, అదే నా గుర్తు.

వంగి దండం పెట్టలేను, సెమించండి.
ఆ రోజు కాణ్ణించి నడుం కాడ
ఇనుములాటి నొప్పొకటి
గవరయ్య పాట గుర్తుకొచ్చినప్పుడల్లా
గుచ్చుకుంటాది.