ఆరో పీరియడ్

హాల్వర్సన్ మేడం క్లాసు ఎలా ఉంటుందని అడిగావు కదా, రోలండ్.
మొదటిరోజే చేతిలో రాజ్యాంగం పెడతారు,
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.
ఇంతేనా అనుకుంటావు.
నేనూ అనుకున్నాను.

రాత్రికి నలభై పేజీలు. పొద్దున్నే ప్రశ్న.
జవాబు చెబితే ఊరుకోరు,
"ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు."
మనం రోజూ వాడే మాటలు సగం
భూతద్దంతో వెతికినా అందులో దొరకవు.

అక్టోబరులో నీకు గిట్టని పక్షాన వాదించాలి.
నాకు గొంతులో వెలక్కాయ పడింది.
మార్గిట్ మాత్రం తను నమ్మనిదాన్ని
ఎంత బాగా చెప్పిందంటే
ఇంటికెళ్ళి ఏడ్చిందట.

నవంబరులో,
సుపీరియర్ సరస్సు మీంచి తొలి మంచుగాలి కొట్టిన రాత్రి,
స్కూలు బోర్డు మీటింగుకి తీసుకెళ్ళారు.
మైకు ముందు మనిషికి మూడు నిమిషాలు.
మన క్యాంటీన్లో సూప్ వడ్డించే బెర్నిస్
తొమ్మిదో నంబరు బస్సు తీసెయ్యొద్దని చెబుతోంది.
చదువుతున్న కాగితం వణుకుతోంది.
వాక్యం మధ్యలో గంట మోగింది.
థాంక్యూ అని, కాగితం నాలుగు మడతలు పెట్టి
వచ్చి కూర్చుంది.
నాలుగు ఓట్లు, మూడు ఓట్లు.
బస్సు పోయింది.

తిరుగు దారిలో వ్యానులో ఎవరం మాట్లాడలేదు.
మేడం హీటరు పెంచారు. అంతే.

మేలో పరీక్ష.
అధికారాల విభజన మీద వ్యాసం అడిగారు, రాశాను.
ఐదుకి నాలుగొచ్చింది.

నా పుస్తకం నువ్వు తీసుకో.
వెనక అట్ట లోపల పెన్సిలుతో
బెర్నిస్ సగం వాక్యం ఉంటుంది.
చెరపకు.