సాక్షి దిమ్మ

ఉప్పల్ స్టేషన్ దాటినంక ఎడమ దిక్కు
పట్టాల పొంటి గుంతలు చూసిన్రా?
నీళ్ళు నిలిచినయి, తుంగ మొలిచింది.
నడిమిట్ల ఒక్కో మట్టి దిమ్మ.
తవ్వకుండ విడిచిన్రు,
తవ్విన లోతుకు సాక్షి.
దాని ఎత్తును బట్టే కూలి.

మా తాత వల్లెపు ఎల్లమంద గడ్డపార పట్టిండు.
మా అవ్వ సాయమ్మ తట్ట మోసింది.
హసన్‌పర్తి నుంచి మానేరు ఒడ్డు దాక
కట్ట లేచింది, పిల్లలు పుట్టిన్రు,
ఇద్దరు ఆ కట్టలనే ఉన్నరు.

టేపు పట్టుకొని వచ్చేటాయన ప్రిచర్డ్.
మావోళ్ళ నోట్లె పిచ్చర దొర.
ఇంగ్లండోడు కాదట, వేల్సోడట.
వాళ్ళయ్య బొగ్గుబాయిల దిగి పైకి రాలేదట.
ఆదివారం గుడారం ముంగట కూసొని ఏదో పాడేటోడు.
తాతకు ఒక్క ముక్క సమజ్ కాలె.
ఇంగ్లీషు కాదని మాత్రం ఎరుకైంది,
అందుల ఎవరినీ తిట్టినట్టు లేదు.

అవ్వ చేసిన పని ఒకటి చెప్పాలె.
రాత్రిపూట దిమ్మ నెత్తిన
నాలుగు వేళ్ళ మందం మట్టి పరిచి
గరిక కప్పేది.
తెల్లారి కొలిస్తె గుంత నాలుగు వేళ్ళు ఎక్కువ లోతు.

దొర ఒకనాడు గరికను బూటుతోని కదిపిండు.
వేరు పట్టలేదు.
అవ్వ దిక్కు చూసిండు.
ఆమె కడుపు దిక్కు చూసిండు.
టేపు చదివి అంకె రాసుకున్నడు.
ఏం అంకె రాసిండో
వారం తీరి హాలి సిక్కలు లెక్కపెట్టేదాక అవ్వకు తెల్వదు.
తెలిసినంక మాకు చెప్పలేదు.

పట్టాలు పడ్డంక తాతకు నౌకరి.
ముందు గ్యాంగ్‌మన్, ఎనుక కీమన్.
ఇత్తడి బిళ్ళ, నంబరు నూట పద్నాలుగు.
భుజాన సుత్తె, సంకల జెండాలు,
పొద్దు పొడవకముందే నాలుగు మైళ్ళు.
చావి వదులైతే మోతలనే పట్టేటోడు.
పట్టా నడుముకు పోత అక్షరాలుండేటియి.
చదువు రాదు.
చలికాలం మంచుల వేళ్ళతోని తడిమి
"గిది పిచ్చర దొరోళ్ళ ఊరి ఇనుము" అనేటోడట.
నిజమో, ఒంటరి నడకకు తోడు కల్పించుకున్నడో.

నేను కాజీపేటల గుమస్తాను.
పాత సర్వీసు రిజిస్టరు దుమ్ము దులిపి తీసిన.
పుట్టిన తేది: తెలియదు.
గుర్తు: ఎడమ బొటనవేలికి గోరు లేదు.
శిక్ష: డ్యూటీల కునుకు తీసినందుకు పూట జీతం కోత.
సాయమ్మ పేరు లేదు.
ఉండదని ఎరుకే,
అయినా ఆఖరి పేజీ దాక తిప్పిన.

మొన్న మూడో లైను కోసం జేసీబీ దిగింది.
ఒక్క బొక్కెనకు దిమ్మ లేసిపోయింది.
డ్రైవరు పిలగాడు ఫోన్ల ఎవరితోనో నవ్వుకుంటనే ఉన్నడు.
తెగిన మట్టి మీదికి వంగి
పైన నాలుగు వేళ్ళు రంగు వేరుంటదేమోనని చూసిన.

అంత ఒకటే ఎరుపు.