ఇంజిను మాట దేవుడెరుగు

డాబాగార్డెన్స్‌లో, మిక్సీలు బాగుచేసే షాపు మీది గదిలో
వారానికి మూడు సాయంత్రాలు ఇంగ్లీషు.
రూతు టీచరు బోర్డు మీద రాసింది:
లెట్ అలోన్.
మేం పదకొండుమందిమీ నోట్సు తెరిచాం.
ఎన్నిసార్లు సబ్బేసినా నా చేతులకి రొయ్యల వాసన,
నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

లెట్ అంటే వదులు. అలోన్ అంటే ఒంటరిగా.
ఇద్దరూ నాకు తెలిసినవాళ్ళే.
కలిసి వచ్చి గుమ్మంలో నిలబడేసరికి
ఎవరో పోల్చుకోలేకపోయాను.

నాకు ఆ మాటతో పనుంది.
మొన్నటి తుఫానుకి మా నాన్న పడవ
జెట్టీకి కట్టింది కట్టినట్టే పోయింది,
తాడు మాత్రం మిగిలింది, ముడి కూడా ఊడలేదు.
బీమా వాళ్ళ ఫారం ఇంగ్లీషులో ఉంది.
పేరు: గరికిన ఎల్లాజీ.
నష్టం వివరాలకి నాలుగు గీతలిచ్చారు.
ఇరవై రెండేళ్ళ వేటకి నాలుగు గీతలు.

ఏటి దొరికింది, ఏటి పోయింది అని నాన్నని అడిగాను.
"ఇంజిను మాట దేవుడెరుగు,
సెక్కముక్క కూడా దొరకలేదు" అన్నాడు.
ఇంకా ఏదో అడగబోతే
"ఒగ్గీయే నన్ను" అని
యారాడ కొండ వైపు తిరిగి కూచున్నాడు.

నాన్న చెప్పిన వరసలోనే ఇంగ్లీషు చేసి పట్టుకెళ్ళాను:
ఇంజిను దొరకలేదు, లెట్ అలోన్ చెక్కముక్క.
టీచరు ఎర్రపెన్ను మూత తీసింది.
"చెక్క కంటే ఇంజిను దొరకడం తేలికా?
చిన్నది ముందు చెప్పు.
అదే లేదన్నాక పెద్దదాని గురించి వేరే చెప్పాలా?
టీకే డబ్బుల్లేవు, లెట్ అలోన్ బిర్యానీ."
అందరూ బిర్యానీ రాసుకున్నారు.

బస్సులో నాలో నేనే అప్పజెప్పుకున్నాను.
నెత్తళ్ళే పడలేదు, లెట్ అలోన్ కోనెం.
కండక్టరు దగ్గర చిల్లరే లేదు, లెట్ అలోన్ మర్యాద.
జగదాంబ దాటాక నవ్వు ఆగిపోయింది.

మనం పెద్ద నష్టాన్ని ముందే దేవుడి చేతిలో పెట్టేస్తాం.
ఆయనకి తెలుసులే అని భుజం దించి
చిన్నదాన్ని పట్టుకుని ఏడుస్తాం.
వాళ్ళు చిన్నదాన్ని ముందు లెక్క రాసి
పెద్దదాన్ని వాక్యం చివర దింపేస్తారు,
చుక్క పక్కన, ఒక్కదాన్నే.
దేవుడు ఆ దరిదాపుల్లో ఉండడు.

రాత్రి ఫారంలో సరిగ్గా రాశాను.
చెక్కముక్కే దొరకలేదు, లెట్ అలోన్ ఇంజిను.
పెన్నుతో, దిద్దడానికి వీల్లేకుండా.
"ఏటి రాసినావు?" అన్నాడు నాన్న.
మొదట ఇంగ్లీషులో చదివాను, తర్వాత తెలుగులో.
కాసేపు ఏమీ అనలేదు.
లేచి, బియ్యం డబ్బా వెనకనుంచి
పాత లుంగీలో చుట్టిన దేన్నో తీశాడు.
మూరెడు చెక్క. నీలం రంగు.
పడవ నెంబరులో ఆఖరి రెండంకెలు,
ఏడు, మూడు.

"దొరకలేదన్నావు?"
"మాటవరసకి అన్నానే."

వాక్యంలో తప్పు లేదు.
వ్యాకరణం చూసినా, వరస చూసినా
రూతు టీచరు పేద్ద టిక్కు పెట్టేది.
అడ్డంగా గీత కొట్టేశాను.
కింద రాశాను: ఒక చెక్క దొరికింది.
దానికి ఏ మాటా అతకాల్సిన పని పడలేదు.
మిగతా రెండు గీతలూ అలాగే ఒగ్గీసాను.

బుధవారం క్లాసులో
సొంతంగా ఒక వాక్యం చెప్పమంటే కండక్టరుది చెప్పాను.
అందరూ నవ్వారు, పక్క కుర్చీలోకి ఎవరో వచ్చి కూచున్నారు.
రెండోది నోట్సులో, ఆఖరి పేజీలో ఉంది.
మా నాన్న సముద్రం వైపు చూడడమే లేదు,
లెట్ అలోన్
అని రాసి ఆగాను.
తర్వాత ఏం రావాలో
ఇంకా తేల్చుకోలేదు.